వెదురు బొంగులో ఒక వంశం
(తమిళనాడులోని ధర్మపురిలో తెలుగువారి సభలో ఇచ్చిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుపుకుంటున్నామో ఆ అయ్యవారు జీవశాస్త్రం చెప్పేవారు. పాఠంలో ఏ ప్రాణి పేరు వచ్చినా, పేరు అప్పజెప్పిన పిల్లవాణ్ణి కూర్చోనిచ్చేవారు కాదు. అది ఎక్కడ గుడ్లు పెడుతుంది, పిల్లలను ఎవరు చూసుకుంటారు, ఎండాకాలం ఎక్కడ తలదాచుకుంటుంది అని అడిగేవారు. ఒక చిన్న కప్ప విషయంలో ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి శాస్త్రానికి 138 ఏళ్ళు పట్టింది. ఆ కప్ప గురించే ఈరోజు మాట్లాడతాను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒక ప్రాణిని కాపాడాలంటే దానికి పేరు ఉంటే చాలదు, చుట్టూ అడవి ఉన్నా చాలదు. అది ఆ అడవిలో దేన్ని పట్టుకుని బతుకుతోందో మనకు తెలిసి ఉండాలి.

పేరు వచ్చింది, ప్రాణి కనబడలేదు

1876లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే ఆల్బర్ట్ గుంథర్, భారతదేశం నుంచి వచ్చిన నమూనాల మీద ఒక నివేదిక అచ్చువేశాడు. అందులో తిరువాన్కూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక చిన్న కప్పకు పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని శాస్త్రజ్ఞులు రావోర్కెస్టిస్ చాలజోడిస్ అంటారు. మన సౌకర్యం కోసం ఈ ఉపన్యాసంలో వెదురుకప్ప అందాం. మద్రాసు రాజధాని అడవుల శాఖలో అధికారిగా ఉన్న రిచర్డ్ బెడ్డోమ్ లాంటివారు ఆ రోజుల్లో దక్షిణాది కొండలన్నీ తిరిగి, పాములు, బల్లులు, కప్పలు సేకరించి లండన్‌కు పంపేవారు. సీసాలో మునిగి, రంగు వెలిసి చేరిన ప్రాణిని గుంథర్ కొలిచాడు, వర్ణించాడు. ప్రాణంతో ఉన్నప్పుడు దాని రంగేమిటో, అరుపేమిటో, అది ఎక్కడ పిల్లల్ని కంటుందో ఆ సీసా చెప్పలేదు.

ఆ తరువాత వెదురుకప్ప శాస్త్రజ్ఞుల కంటపడలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైన ఎస్.డి. బిజు 2010 నవంబరులో, కనుమరుగైన ఉభయచరాలను దేశమంతటా వెతికే ఉద్యమం మొదలుపెట్టారు. 2011 ఫిబ్రవరిలో మళ్ళీ దొరికిన ఐదు జాతుల పేర్లు ప్రకటించారు. వాటిలో వెదురుకప్ప ఒకటి. చివరిసారి దొరికిన నాటి నుంచి 136 ఏళ్ళు గడిచాయి. మెరిసే ఆకుపచ్చ వీపు, బూడిద నీలం తొడలు, నల్లని కనుపాపల చుట్టూ బంగారు మచ్చలు ఉన్న ఆ కప్పను చూసి దేశమంతా ముచ్చటపడింది. ఒళ్ళు రమారమి రెండున్నర సెంటీమీటర్లు.

ఈ కప్ప ఇంటిపేరు లాంటి ప్రజాతి నామం వెనుక మన ప్రాంతపు మనిషి ఒకరున్నారు. సి.ఆర్. నారాయణరావు 1882లో కోయంబత్తూరులో పుట్టారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జంతుశాస్త్ర శాఖను నడిపారు. కప్పల మీద పని చేయడానికి దేశంలో తగిన గ్రంథాలయాలు, నమూనా భాండాగారాలు లేని కాలంలో పడమటి కనుమల కప్పలను పట్టుదలగా వర్ణించారు. 1932లో మొదలైన కరెంట్ సైన్స్ పత్రికకు తొలి సంపాదకులు ఆయనే. 1960లో కన్నుమూశారు. ఆయన వర్ణించిన మూల నమూనాలు కాలక్రమంలో కనిపించకుండా పోయాయి. ఆ లోటు వల్ల తరువాతి పరిశోధకులు ఆ జాతులను తేల్చుకోవడానికి చాలా కష్టపడ్డారు. యాభై ఏళ్ళకు, 2010లో, తోకకప్ప దశ లేని ఈ పొదకప్పల ప్రజాతికి బిజు, ఆయన సహచరులు నారాయణరావు పేరు కలిపి రావోర్కెస్టిస్ అని పెట్టారు. ఆ వ్యాసం అచ్చయింది కరెంట్ సైన్స్‌లోనే. ఇప్పుడా ప్రజాతిలో 70కి పైగా జాతులు ఉన్నాయి. ఎక్కువ భాగం పడమటి కనుమల్లోనే దొరుకుతాయి.

చెరువు వదిలిన కప్పలు

మన ఊహలో కప్పకూ నీటికీ విడదీయలేని బంధం. వానలు మొహం చాటేస్తే తెలుగు పల్లెల్లో కప్పను రోకలికి కట్టి, కప్పతల్లి అని పాడుకుంటూ ఇంటింటికీ తిప్పుతారు. ఆడవాళ్ళు దాని మీద బిందెలతో నీళ్ళు పోస్తారు. ఆ నమ్మకానికి పునాది లేకపోలేదు. కప్పగుడ్డుకు పెంకు ఉండదు, జిగురు పొర మాత్రమే ఉంటుంది. ఎండ తగిలితే గంటల్లో ఎండిపోతుంది. గుడ్డు నుంచి వచ్చిన తోకకప్ప మొప్పలతో ఊపిరి పీలుస్తుంది. కాబట్టి నీళ్ళు లేనిదే వంశం లేదు.

ఈ కట్టుబాటును కప్పలు అంచెలంచెలుగా ఎలా సడలించుకున్నాయో మనం మన ధర్మపురి ఇళ్ళ నుంచే మొదలుపెట్టి చూడవచ్చు. తొలివానకు నిండిన గుంటలో గోదురుకప్ప వేలకొద్దీ గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. వాటిలో కప్ప అయ్యేవి కొద్దిపాటే. ఇక స్నానాలగదిలోకి, నీళ్ళతొట్టి దగ్గరకు వచ్చి గోడకు అతుక్కుని కూర్చునే చెట్టుకప్పను మీరంతా చూసే ఉంటారు. అది ఒక అంచె పైకి వెళ్ళింది. నీటికి పైన, కొమ్మ మీదో తొట్టి గోడ మీదో తెల్లటి నురగ చేసి అందులో గుడ్లు దాస్తుంది. పైపొర గట్టిపడి లోపల తేమ నిలుస్తుంది. కొన్నాళ్ళకు నురగ కరిగి తోకకప్పలు కింద ఉన్న నీళ్ళలోకి జారిపడతాయి. గుడ్డుకు నీటితో పని తప్పింది, పిల్లకు తప్పలేదు.

మూడో అంచె పొదకప్పలది. వీటికి బయట ఈదే తోకకప్ప దశే లేదు. గుడ్డులోనే పిల్ల తోక పెంచుకుంటుంది, కాళ్ళు పెంచుకుంటుంది, తోక కరిగించుకుంటుంది. పూర్తి కప్పగా, కానీ వేలిగోరు కన్నా చిన్నదిగా బయటికి వస్తుంది. అన్నాళ్ళూ గుడ్డులోనే గడపాలంటే ఆహారం కూడా అందులోనే ఉండాలి. అందుకే గుడ్డు పెద్దది, సొన ఎక్కువ. గుడ్డు పెద్దదైనప్పుడు సంఖ్య తగ్గక తప్పదు. గోదురుకప్పకు వేలు ఉంటే వెదురుకప్పకు ఒక్కో కాన్పులో ఐదు నుంచి ఎనిమిది. ఒక్క గుడ్డు పోయినా వంశంలో పెద్ద భాగం పోయినట్టే. ఆ తరువాత జరిగేదంతా ఈ లెక్క నుంచే పుడుతుంది.

బొంగులోకి దారి

దక్షిణ తమిళనాడులో, తిరునెల్వేలి వైపు అగస్త్యమలై కొండల్లో కళక్కాడు ముండందురై పులుల అభయారణ్యం ఉంది. మన ధర్మపురి చుట్టూ ఉన్న ఆకురాల్చే పొడి అడవికి అది పూర్తిగా వేరు లోకం. రెండు రుతుపవనాలూ తడిపే సతతహరితారణ్యం. అందులో గుబురుగా ఓక్లాండ్రా అనే సన్న వెదురు పెరుగుతుంది. మలయాళంలో దాన్ని ఈట్ట అంటారు. గోడ పల్చన, లోపల బోలు.

కె.ఎస్. శేషాద్రి అనే యువ పరిశోధకుడు అక్కడ రాత్రుళ్ళు ఆ పొదల మధ్య గడిపాడు. కప్ప అరుపు దగ్గరలోనే వినబడుతుంది, కప్ప మాత్రం ఆకుల మీదా కొమ్మల మీదా లేదు. అరుపు వెదురు లోపలి నుంచి వస్తోంది. వెదురు కణుపుల మధ్య, అడుగుభాగాన, ఐదు నుంచి పది మిల్లీమీటర్ల పొడవు, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న చిన్న చీలికలున్నాయి. మగకప్ప ఒళ్ళు అణచుకుని ఆ చీలికలో నుంచి లోపలికి దూరుతుంది. లోపల కూర్చుని ఆడకప్పను పిలుస్తుంది. ఆడది వచ్చి బొంగు లోపలి గోడకు గుడ్లు అంటించి వెళ్ళిపోతుంది. మగది ఉండిపోతుంది. గుడ్లు పొదిగి పిల్లకప్పలు బయటపడేదాకా కాపలా దానిదే.

శేషాద్రి, కె.వి. గురురాజా, డేవిడ్ బిక్‌ఫోర్డ్ కలిసి ఈ సంగతి 2014లో ప్రకటించారు. ప్రపంచంలో కప్పలు పిల్లల్ని కనే పద్ధతులు అప్పటికి దాదాపు 40 నమోదయ్యాయి. బోలు వెదురులోకి చీలిక గుండా దూరి, తోకకప్ప దశ లేని గుడ్లు పెట్టి, పక్కనే ఉండి చూసుకోవడం అనే పద్ధతి వాటిలో లేదు. వెదురుకప్పతో పాటు దాని చుట్టం రావోర్కెస్టిస్ ఓక్లాండ్రే కూడా ఇలాగే చేస్తుందని వాళ్ళు గమనించారు. ఇంత విశేషమైన బతుకు మన రాష్ట్రపు కొండల మీద యుగాలుగా సాగుతోంది. గుంథర్ పేరు పెట్టిన నాటికీ సాగుతూనే ఉంది. చూసే కళ్ళే లేవు.

తండ్రి ఎందుకు కదలడు

మగకప్ప గుడ్ల దగ్గర కూర్చున్నంత మాత్రాన వాటిని కాపాడుతోందని చెప్పలేం. మరో ఆడకప్ప కోసం అక్కడే ఉండవచ్చు, దాక్కోవడానికి ఉండవచ్చు. నిజం తేలాలంటే తండ్రి లేకపోతే ఏమవుతుందో చూడాలి. శేషాద్రి, బిక్‌ఫోర్డ్ అదే చేశారు. కొన్ని బొంగుల నుంచి తండ్రిని తీసేశారు, కొన్నిట్లో ఉంచారు. రెండు చోట్లా గుడ్ల గతిని గమనించారు. 2018లో ఫలితం ప్రకటించారు. తండ్రి లేని గుడ్లు బతికే అవకాశం బాగా పడిపోయింది.

వాటిని తిన్నవారిలో ముఖ్యులు ఎవరో తెలిసినప్పుడు పరిశోధకులే విస్తుపోయి ఉంటారు. అదే జాతి మగకప్పలు. ఇల్లు లేని మగకప్ప చీలిక గుండా దూరి, అక్కడున్న గుడ్లను తినేస్తుంది. దానికి ఆహారమూ దొరుకుతుంది, బొంగూ దొరుకుతుంది. కాపలా ఉన్న తండ్రి చొరబడినవాణ్ణి చూసి వేరే రకంగా అరుస్తుంది, మీదపడి తరుముతుంది. పాము కన్నా, చీమ కన్నా ఆ గుడ్లకు పెద్ద గండం సొంత జాతి నుంచే.

దీన్ని మనుషుల నీతికి ముడిపెట్టి మాట్లాడటం సులువు. నేను ఆ పని చెయ్యను. ఇందులో మనం గమనించాల్సింది ఇంకొకటి. చీలిక ఉన్న బొంగులు కావలసినన్ని ఉంటే, ఒక కప్ప ఇంకొక కప్ప ఇంట్లోకి దూరే అవసరం తగ్గుతుంది. అవి తక్కువైన కొద్దీ పోటీ పెరుగుతుంది. పోటీ పెరిగిన కొద్దీ తిన్న గుడ్ల సంఖ్య పెరుగుతుంది. అంటే వెదురు నరికితే ఆ బొంగులోని గుడ్లు మాత్రమే పోవు. పక్కన నిలిచి ఉన్న బొంగుల్లోని గుడ్ల మీద కూడా ఒత్తిడి పడుతుంది. ఇది ఆ పరిశోధన నుంచి నేను తీసుకుంటున్న ఊహ. పరీక్షించదగిన ఊహ.

చీలిక ఎవరిది?

వెదురుకప్పకు వెదురు తొలిచే శక్తి లేదు. దాని వేళ్ళ చివర మెత్తని బిళ్ళలున్నాయి, పళ్ళు పనికిరావు. చీలిక వేరే ప్రాణులు పెట్టిన భిక్ష. వెదురు లోపల పెరిగే పురుగులో, ఎలుక జాతి జీవులో తొలిచి వదిలిన రంధ్రాన్నే కప్ప వాడుకుంటుంది. కాబట్టి ఈ కప్ప బతకాలంటే వాన కావాలి, వెదురు కావాలి, ఆ వెదురు తొలిచే పురుగు కావాలి, తొలిచిన బొంగు నరకబడకుండా నిలవాలి. ఇన్ని ముడుల్లో ఒక్కటి తెగినా చాలు.

ఇక్కడ దూరదేశపు కప్ప ఒకటి గుర్తు చేసుకోవాలి. కరీబియన్ సముద్రంలోని పోర్టోరికో దీవిలో కోకీ అనే కప్ప ఉంది. రాత్రంతా వినిపించే దాని అరుపే దాని పేరు. ఆ దీవివారికి అది జాతి చిహ్నమంత ప్రియం. దానికీ తోకకప్ప దశ లేదు, దాని గుడ్లను కూడా మగదే చూసుకుంటుంది. కానీ కోకీ రాలిన ఆకుల్లోనూ, ముడుచుకున్న తాటాకు లాంటి మట్టల్లోనూ గుడ్లు పెట్టగలదు. పూలమొక్కల కుండీల్లో చిక్కుకుని 1980ల చివర హవాయి దీవులకు చేరింది. అక్కడ నీటి గుంట వెతుక్కోనక్కరలేదు కనుక ఎక్కడ పడితే అక్కడ పెరిగి, స్థానిక జీవులకు బెడద అయింది. చెరువు నుంచి పొందిన ఒకే రకమైన స్వేచ్ఛ ఒక కప్పను సముద్రాలు దాటించింది. ఇంకొక కప్పను ఒక చీలికకు కట్టేసింది. పుస్తకంలో ఇద్దరి పక్కనా ఒకే మాట రాసి ఉంటుంది: నేరుగా ఎదిగే కప్ప అని. ఆ మాట చదివి ఎవరికి ప్రమాదమో ఎవరూ చెప్పలేరు. కొండ మీద కూర్చుని చూసినవాళ్ళే చెప్పగలరు.

ఈ వెదురు కాగితపు గుజ్జుకు, చాపలకు, బుట్టలకు పనికివస్తుంది. కేరళలో దాన్ని ఎప్పటి నుంచో కొట్టి వాడుతున్నారు. చాపలల్లే కుటుంబాల జీవనాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. ఆ వెదురు కొంతకాలానికి గుంపుగా పూసి గుంపుగా ఎండిపోయే రకం కూడా. అందుకే ఎక్కడ, ఎప్పుడు, ఎంత కొట్టాలన్నది కప్పను కూడా లెక్కలోకి తీసుకుని నిర్ణయించాలి. చీలికలు పడిన ముదురు గడలను కొన్ని వదిలిపెట్టాలి. వాన నెలల్లో కొట్టడం ఆపాలి. ఇలాంటి నియమం 2014కు ముందు ఎవరూ రాయలేకపోయేవారు. బొంగులో ఎవరున్నారో తెలియనప్పుడు నియమం ఎలా పుడుతుంది? అభయారణ్యం లోపల ఆ వెదురుకు రక్షణ ఉంది. దాని హద్దు దాటి ఉన్న పొదలకు ఆ తెలివిడే రక్షణ.

మన బండలు, మన కొండలు

ధర్మపురిలో కూర్చుని అగస్త్యమలై కప్ప గురించి ఇంతసేపు ఎందుకని మీరు అడగవచ్చు. వెదురుకప్పకు పేరు పెట్టిన ఆ 1876 నివేదికలోనే గుంథర్ ఇంకొక ప్రాణికి కూడా పేరు పెట్టాడు. ఇప్పుడు దాన్ని డట్టాఫ్రైనస్ హోలోలియస్ అంటారు. బండల సందుల్లో దూరడానికి అనువుగా చదునైన ఒళ్ళు ఉన్న కప్ప. దాని ఊరు మలబారు అని నివేదికలో పడింది. నిజానికి అది మన వైపు ఎండ బండల మనిషి. తరువాతి కాలంలో నాగార్జునసాగర్ ప్రాంతం లాంటి తూర్పు వైపు రాతి నేలల్లో కనిపించింది. ఒకే నివేదికలో చేరిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకరు వానల అడవికి, ఇంకొకరు వేసవికి కాలే బండలకు చెందినవారు. వానల అడవి కప్ప బతుకు మనకు తెలిసింది. మన బండ మీది కప్ప బతుకును, దాని పిల్లలు బండగుంటలో నిలిచిన కొద్దిపాటి నీళ్ళలో ఎన్ని రోజుల్లో ఎదుగుతాయన్నదాన్ని గమనించే పని మన ముంగిట్లో ఉంది.

ఇంకా దగ్గరి సంగతి. 2024లో, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ జీవవైవిధ్య మండలితో కలిసి చేసిన పనిలో, ఇంతకుముందు శ్రీలంకకే చెందినదనుకున్న ఒక పొదకప్ప శేషాచలం అడవుల్లో ఉందని తేలింది. చిత్తూరు జిల్లా పలమనేరు దగ్గరి చెరువులో బంగారు వీపు కప్ప కూడా దొరికింది. అదీ శ్రీలంకతో ముడిపడిన జాతే. ఈ సభలో ఉన్న వారిలో చాలామందికి పలమనేరులో చుట్టాలున్నారు, తిరుమల కొండ ఎక్కనివారు ఎవరూ లేరు. కోట్ల మంది ఏటా వచ్చే ఆ కొండల మీదే ఈ మధ్యదాకా ఎవరూ గుర్తించని కప్ప ఉంది. శ్రీలంకకూ మనకూ మధ్య సముద్రం లోతు తగ్గిన మంచుయుగాల్లో నేల కలిసి ఉండేది. ఆ పాత రాకపోకలకు తూర్పు కనుమలు ఇప్పటికీ సాక్ష్యం దాచి ఉంచాయి.

ఉభయచరాలకు ఇది చెడ్డకాలం. 2023లో వెలువడిన ప్రపంచవ్యాప్త అంచనా ప్రకారం వాటిలో నూటికి 41 జాతులు అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. పక్షుల కన్నా, క్షీరదాల కన్నా వీటి స్థితి ఎక్కువ దిగజారింది. 2014 నాటికి వెదురుకప్ప, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయుసీఎన్ జాబితాలో అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ఉండేది. అడవి తగ్గడం, వాతావరణం వేడెక్కడం, చర్మానికి పట్టే బూజు వ్యాధి, అన్నీ కలిసి వస్తున్నాయి. చర్మంతోనే నీళ్ళు తాగి, చర్మంతో కూడా ఊపిరి పీల్చే ప్రాణికి తేమలో కొద్ది తేడా వచ్చినా బతుకు మారిపోతుంది.

అందుకే ఈ వేదిక మీద నుంచి విద్యార్థులను ఒక పని అడుగుతున్నాను. మన జిల్లాలో వట్టల్‌మలై ఉంది, చిత్తేరి కొండలున్నాయి, హొగెనక్కల్ దగ్గర కావేరి ఒడ్డు అడవి ఉంది. పక్కనే సేలం జిల్లాలో ఏర్కాడు ఉంది. అటవీశాఖ అనుమతి తీసుకుని, ఏ ప్రాణినీ పట్టకుండా, వానాకాలం రాత్రుళ్ళు ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. అరుపులు ఫోనులో రికార్డు చెయ్యండి. తేదీ, సమయం, వాన, చెట్టు, ఎత్తు రాయండి. గుడ్లు కనిపిస్తే ముట్టుకోకుండా రోజూ చూడండి. ఎవరు కాపలా ఉన్నారో, ఎవరు తిన్నారో రాయండి. ఆ కొండల్లో తరతరాలుగా ఉంటున్న, మలయాళీ అని పిలిచే గిరిజనులను అడగండి. ఏ బండ దగ్గర ఏ అరుపు ఏ నెలలో వినిపిస్తుందో వాళ్ళకు తెలుసు. ఆ తెలివిడిని వాళ్ళ పేరుతోనే నమోదు చెయ్యండి. కాలేజీల్లో అధ్యాపకులు ఒక ఏడాది ప్రాజెక్టుగా కాకుండా, ఒక తరం విద్యార్థులు తరువాతి తరానికి అప్పగించే పుస్తకంగా దీన్ని నడపాలి. నారాయణరావు సేకరణ పోయినట్టు ఈ పుస్తకం పోకూడదు. దాని ప్రతులు ఒకటికి రెండు చోట్ల భద్రపరచాలి.

పటం మీద గీత గీసి ఇది అభయారణ్యం అని ప్రభుత్వం చెప్పగలదు. ఆ గీత లోపల ఏ గడను నిలపాలో, ఏ బండగుంటను పూడ్చకూడదో, ఏ నెలలో ఎవరూ అడుగు పెట్టకూడదో గీత చెప్పదు. దాన్ని చెప్పగలిగేది అక్కడ ఓపికగా కూర్చుని చూసిన మనిషి. అలాంటి మనుషులు అగస్త్యమలైకి దొరికారు. ధర్మపురి కొండలకు వాళ్ళు ఈ సభలో నుంచే రావాలి. వస్తారని నమ్ముతున్నాను.